ఎర్ర దారం కట్టిన దోసకాయ

అబుదాబి పక్కన బనియాస్‌లో మా హోటలు వంటగదిలో గ్రైండరు బల్లకి ఒక కాలు పొట్టి. రుబ్బడం మొదలెట్టగానే బల్ల ఊగేది, పిండి చిందేది. ఇప్పుడు ఊగడం లేదు. ఆ కాలి కింద ఒక పుస్తకం పెట్టాను. గట్టి అట్ట, మందపాటి కాగితం, చేత్తో ఎత్తితే మణికట్టు నొప్పెడుతుంది. రాసినాయన ప్రొఫెసరు. రష్యా వాళ్ళు, ఉక్రెయిన్ వాళ్ళు, పోలండు వాళ్ళు మాట్లాడే భాషలన్నీ ఒక కుటుంబమట, స్లావు భాషలంటారట. ఆ భాషల్లో దోసకాయకి ఆ పేరు ఎలా వచ్చిందన్నదే ఆ లావుపాటి పుస్తకంలో విషయం. ఆయనింట్లో వంట చేస్తూ ఆ పుస్తకం పుట్టడం కళ్ళారా చూసినదాన్ని. అంతకంటే మర్యాదైన చోటు దానికి నాకు దొరకలేదు.

మూడు నెలల కిందట ఆ పుస్తకం తెచ్చిచ్చింది ఆ ఇంటి డ్రైవరు అక్తర్. పెషావరు వైపు మనిషి, ముక్తసరిగా మాట్లాడతాడు. హోటలు వెనకవైపు కారాపి, ప్లాస్టిక్ సంచీ నా చేతిలో పెట్టి, "బడీ అమ్మా ఖలాస్ హో గయీ, బహన్. జానే సే పహలే బోలీ థీ, యే సత్యా కో దేనా," అన్నాడు. పెద్దావిడ పోయిందట, పోయే ముందు ఇది సత్యకిమ్మని చెప్పిందట. చేతికున్న పిండి కూడా కడుక్కోకుండా అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాను. సంచీలో పుస్తకంతో పాటు ఇంకొకటి కూడా ఉంది, దాని సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ ఇంట్లో నా తొలిరోజుల సంగతి చెప్పాలి.

నేను యాభై దాటాక దుబాయ్ వచ్చాను. వచ్చిన కొత్తలోనే కరోనా. నన్ను పెట్టుకున్న మేడం పేరు ఇరీనా, ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఆవిణ్ణి చూసిపోదామని ఉక్రెయిన్ నుంచి అమ్మా నాన్నా వచ్చి, విమానాలు ఆగిపోయి, ఇక్కడే చిక్కడిపోయారు. విమానాలు మళ్ళీ తిరిగినా మేడం వాళ్ళని పంపలేదు. ఆ నాన్నే మన ప్రొఫెసరు. అమ్మ పేరు హన్నా. నాకు ముందు పనిచేసిన పిల్ల పేరు మేరీ అట. మళ్ళీ కొత్త పేరు నేర్చుకునే ఓపిక ఎవరికీ లేక నన్నూ మేరీ అనేవారు. ప్రొఫెసరు గారైతే మరీను. ఏ మాట ఏ దేశంలో పుట్టి ఏ దారమ్మట ఎక్కడికి చేరిందో గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషికి, రెండేళ్ళు టీ అందించిన ఆడదాని పేరు సత్యవతి అని తెలీదు. పెద్దావిడ ఒక్కతే మొదటిరోజునే తన గుండె మీద వేలు పెట్టుకుని "హన్నా" అని, నా గుండె మీద పెట్టి కనుబొమలెగరేసింది. "సత్య" అన్నాను. ఆవిడ నాకు హన్నమ్మ అయింది.

పండితులంటే నాకు చిన్నప్పట్నుంచీ మంట. మా నాన్న అంబాజీపేట దగ్గర హైస్కూల్లో తెలుగు పండితుడు. కంచం ముందు కూర్చుంటే పులుసు అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది, పచ్చడి అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది అని మొదలెట్టేవాడు. పులుసు ఎక్కణ్ణుంచి వచ్చిందో మా అమ్మనడిగితే చెప్పేది. తెల్లారి దొడ్లో పాదులకి బావి నీళ్ళు తోడిపోసి, దోసకాయ కోసి, చిన్న ముక్క నాలిక మీద వేసుకుని చేదు చూసి, మంచిదైతే పప్పులో, కొంచెం తేడాగా ఉంటే పులుసులో వేసేది. లోపలి గింజలు మాత్రం పారెయ్యనిచ్చేది కాదు. కడిగి, పొయ్యి బూడిదలో పొర్లించి, వంటింటి గోడకి అంటించేది. ఆ గోడ దగ్గర ఎప్పుడూ బూడిదా, నువ్వులనూనే, ఎండిన దోసగింజా కలిసిన వాసన. వాన పడగానే గోరుతో గీకి పాతేది. నాన్న ఒక్కనాడు బిందె ఎత్తలేదు. అమ్మకి ఒంట్లో బాగాలేని ఏడాది పాదులన్నీ మలమలా మాడిపోతుంటే, అరుగు మీద కూర్చుని నిఘంటువు తిరగేశాడు. ఆ అరుగు మీద మనిషే తెల్లతోలు కప్పుకుని దుబాయ్‌లో నాకు మళ్ళీ ఎదురయ్యాడు.

పొద్దున్న పది గంటలకి నేను కూరలు తరుగుతుంటే ప్రొఫెసరు వంటింట్లోకి వచ్చి స్టూలు లాక్కునేవాడు. కరోనా రోజులు, ఆయన పాఠం వినేందుకు ఇంకెవరున్నారు? మా మధ్య నడిచింది ముక్కల ఇంగ్లీషు. నా చేతిలోని కీరదోసని వేలితో చూపించి, "మేరీ, రష్యన్‌లో ఇది ఒగురేత్స్. పోలండులో ఒగూరెక్. చెక్ వాళ్ళకి ఒకుర్కా. నా భార్య భాషలో ఒహిరోక్. జర్మన్లు గుర్కె అంటారు, అది మా దగ్గర్నుంచి పట్టుకుపోయిన మాటే. వీటన్నిటికీ తల్లి గ్రీకు మాట, అగూరోస్. అంటే పచ్చిది, ఇంకా పండనిది," అనేవాడు.

"పండనిదని ఎందుకన్నారు సార్?" అని ఒకసారి అడిగి చావు తెచ్చుకున్నాను.

"అదే సమస్య! పచ్చిగా తింటారు గనక అని పుస్తకాల్లో రాశారు. సరిపోదు. పచ్చిగా తినేవి లోకంలో బోలెడున్నాయి. ఋజువు కావాలి. ఇంకో మూర్ఖుడు అసలిది పర్షియా మాట అంటున్నాడు!" ఆ మూర్ఖుడు ఏ దేశపు ప్రొఫెసరో గాని, అతని పేరెత్తితే ఈయన మెడ ఎర్రబడేది. పొయ్యి మీద పాలు పొంగినా ఆయన కంటికి ఆనేది కాదు. "ఖలాస్", "యల్లా" అని రెండు అరబ్బీ మాటలు నేర్చుకుని, పాఠం అయిపోతే ఖలాస్, కాఫీ కావాలంటే యల్లా అనేవాడు.

హన్నమ్మ దారి వేరు. ఆవిడ వచ్చేటప్పుడు రుమాలు కొసని ముడేసి తన ఊరి దోసగింజలు తెచ్చుకుంది. ఆవిడ అమ్మా, అమ్మమ్మా దాచి దాచి ఇచ్చిన విత్తనమట. వెనక పెరట్లో పెయింటు డబ్బాల్లో మట్టి నింపి, ఎండ కాస్త తగ్గే నెలల్లో పాతి, పైన గుడ్డ కట్టి కాపాడేది. ఇక్కడి ఎడారి గాలికి తుమ్మెదలేం వస్తాయి? మగపువ్వు తుంచి ఆడపువ్వుకి తనే తాకించేది. పొద్దున్నే రాత్రి గౌనుతోనే వెళ్ళి ఆకులు ఎత్తి చూసుకుంటూ ఏదో పాడుకునేది. వేలెడంత కాయలు, ముళ్ళు ముళ్ళుగా ఉండేవి. వాటిని సోంపు మొక్కలాంటి ఒక ఆకూ, వెల్లుల్లీ వేసి ఉప్పునీళ్ళలో ఊరబెట్టేది. మూత తీస్తే మూడు గదుల దాకా పుల్లటి వాసన. అందులో కారం లేదు, ఆవ లేదు, నూనె లేదు. "ఇదేం ఊరగాయే తల్లీ," అని తెలుగులోనే విసుక్కునేదాన్ని. ఆవిడ తన భాషలో ఏదో అని నా నోట్లో ఒక ముక్క కుక్కేది. ఒకరి మాట ఒకరికి ముక్క తెలీదు, అయినా ఆ ఇంట్లో మాట్లాడుకున్నది మేమిద్దరమే.

మూడో చలికాలం ఇంకా పూర్తికాలేదు, వాళ్ళ దేశం మీద యుద్ధం వచ్చిపడింది. హన్నమ్మ ఊరు ఏటి ఒడ్డున ఉందట. ఊరు ఖాళీ చేశారన్నారు, తర్వాత ఊరే లేదన్నారు. ఆవిడ చెల్లెలు ఫోను ఎత్తడం మానేసింది. హన్నమ్మకి బీపీ పెరిగి ఆస్పత్రిలో పెట్టారు, నాలుగు రోజులు. అదే వారం ప్రొఫెసరు గారు తలుపేసుకుని కంప్యూటరు ముందు దోసకాయ పేరు మీద ఉపన్యాసం తయారుచేసుకుంటున్నాడు. పెళ్ళాం ఆస్పత్రిలో ఉంటే! చొక్కా ఇస్త్రీ సరిగా లేదని నాకు రెండుసార్లు తిప్పి పంపాడు.

ఆ నాలుగు రోజుల్లోనే నేను చెయ్యకూడని పని చేశాను. పెరట్లో పాదుకి నీళ్ళు పోస్తుంటే, ఆకుల కింద బంగారం రంగులో ఒక కాయ కనిపించింది. అరచేతికి నిండుగా, పసుపుపచ్చగా, అచ్చం మన దోసకాయ. తొడిమకి ఎర్ర దారం కట్టి ఉంది. దిష్టికి కట్టిందనుకున్నాను. మా వైపు కాపు బాగున్న చెట్టుకి దిష్టి గుడ్డ కడతారు కదా. ఇన్నేళ్ళుగా దోసకాయ పప్పు మొహం చూడలేదు, నోట్లో నీళ్ళూరాయి. అయినా పరాయి సొత్తు, అడక్కుండా ముట్టుకోలేదు. వెళ్ళి ప్రొఫెసరు తలుపు కొట్టి, "సార్, పెరట్లో పాదు మీద ఒక కాయ పసుపుపచ్చగా పండిపోయింది, తీసుకోనా?" అని పసుపు రంగు జాకెట్టు చూపించి మరీ అడిగాను. ఆయన కిటికీలోంచి ఒకసారి చూశాడు. కాయ కనబడుతూనే ఉంది. "కుళ్ళిపోయింది. తీసెయ్. ఖలాస్," అన్నాడు.

కోశాను. చేదు చూశాను, చేదు లేదు. పప్పు వండుకుని తిన్నాను. ముక్క పీచు పీచుగా, పుల్లగా, మనది కాదని తెలుస్తూనే ఉంది. గింజలు మాత్రం చెయ్యి తనంతట తనే కడిగేసింది. ఇక్కడ బూడిదెక్కడిది? టిష్యూ కాగితం మీద పరిచి, బట్టలుతికే గదిలో మిషను వెనక పలకల గోడకి అంటించాను. అమ్మ అలవాటు, అంతే.

ఆస్పత్రి నుంచి రాగానే హన్నమ్మ ఇంట్లోకి కూడా అడుగుపెట్టలేదు, తిన్నగా పెరట్లోకి నడిచింది. ఆ తర్వాత ఒక అరుపు విన్నాను. మనిషి పోయినప్పుడు కూడా అలా అరవడం నేను వినలేదు. పరుగెత్తి వెళ్ళేసరికి మట్టిలో కూర్చుని ఎర్ర దారం పట్టుకుని ఉంది. ఇరీనా మేడం చెబితే అప్పుడు నాకు విషయం తెలిసింది. తెచ్చుకున్న గింజల్లో మిగిలినవన్నీ ఆ ఏడాదే పాతేసింది, మొలిచింది ఆ ఒక్క పాదు. విత్తనానికని వదిలింది ఆ ఒక్క కాయ. ఊరికి వెళ్ళి మళ్ళీ తెచ్చుకుందామంటే ఊరు లేదు. మన ఇళ్ళల్లో సొరకాయో బీరకాయో అయితే విత్తనానికి ఒకటి విడిగా వదులుతాం. దోసకాయకి ఆ అవసరమేముంది? పండినదే కోస్తాం, కూరకి ముక్కలు, గోడకి గింజలు. వాళ్ళు పిందెలు తింటారు, కాబట్టి ఒకదాన్ని ముసలి అయ్యేదాకా దాచుకోవాలి. ఇంత చిన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

"ఎవరు కోశారు?" అని మేడం అడిగింది.

"నేనే మేడం. సార్ని అడిగాను. తీసెయ్యమన్నారు," అన్నాను.

అందరం ప్రొఫెసరు వైపు చూశాం. కళ్ళజోడు తీశాడు, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "నన్నెవరూ ఏమీ అడగలేదు," అన్నాడు. అంతే. మాటల పుట్టుక కనిపెట్టే మనిషి నోట్లోంచి ఆ మాట ఎంత తేలిగ్గా పుట్టిందో! ఛీ అనుకున్నాను. మా నాన్న బిందె ఎత్తలేదు గాని, పాదులు అమ్మే ఎండబెట్టిందని మాత్రం అనలేదు. మేడం నా వీసా కాన్సిల్ చేయిస్తానని, వారంలో వెళ్ళిపొమ్మని చెప్పి ఫోను పట్టుకుని లోపలికి పోయింది.

గింజలు గోడ మీదే ఉన్నాయి. ఆ క్షణంలో ఆ మాట ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. కడుపు మండిపోయింది, అంతే. ఈ మనిషి చేత నిజం కక్కించాలనిపించింది. ఆయన గదిలోకి వెళ్ళి తలుపు వేసి, "సార్, గింజలు పారెయ్యలేదు, నా దగ్గరున్నాయి. తీసెయ్యమన్నది మీరేనని అమ్మగారికి చెప్పండి, ఇచ్చేస్తాను," అన్నాను.

ఆయన మొహంలో సిగ్గు కోసం చూశాను. లేదు. "గింజలు ఎందుకు దాచావు?" అన్నాడు. మా వైపు దోసకాయ పండాకే వండుతామని, అందుకే ప్రతి కాయలోనూ విత్తనం ఉంటుందని, మీరు పిందెగా తింటారు గనకే పండిన కాయ మీకు కుళ్ళిపోయినట్టు కనబడిందని, మీ గ్రీకులు దాన్ని పచ్చిదని పిలిచింది కూడా అందుకే అయ్యుంటుందని, కోపంలో నాకొచ్చిన ఇంగ్లీషంతా వాడేశాను. ఆయన కళ్ళు మెరిశాయి. పెన్ను తీశాడు! కిటికీ అవతల భార్య మట్టి తవ్వుకుంటుంటే, ఈయన నన్ను "పసుపుపచ్చగా అయ్యాక? మొత్తం దక్షిణ దేశమంతానా?" అని ప్రశ్నలేసి రాసుకున్నాడు. రాసుకోవడం అయ్యాక, "గింజలు ఇచ్చెయ్, మేరీ. నిన్ను పంపొద్దని ఇరీనాకి నేను చెబుతాను. నా సంగతి మాత్రం ఎత్తకు," అన్నాడు.

ఇంకో అరగంట బెట్టు చేసేదాన్నే. కానీ కిటికీలోంచి హన్నమ్మ కనిపించింది. మొలక రాని పెయింటు డబ్బాల్లోని మట్టి నేల మీద గుమ్మరించి, ఎక్కడైనా ఒక్క గింజ మిగిలి ఉంటుందేమోనని వేళ్ళతో ఏరుకుంటోంది. డెబ్భై దాటిన మనిషి, చేతికి ఆస్పత్రి పట్టీ ఇంకా తియ్యలేదు. ఈ చచ్చు మనిషి నిజం చెబితే నాకేం, చెప్పకపోతే నాకేం అనిపించింది. వెళ్ళి గోడ మీది టిష్యూ ఊడదీసి తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

హన్నమ్మ టిష్యూ విప్పింది. వాసన చూసింది. ఒక గింజని గోరుతో నొక్కి చూసింది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని మొహానికి అదుముకుంది. "క్షమించమ్మా," అన్నాను. తెలుగే. అర్థమైంది. కాసేపటికి తలెత్తి భర్త కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ కిటికీ వైపు. యాభై ఏళ్ళు కాపురం చేసిన ఆడదానికి వేరే సాక్ష్యం ఎందుకు? లేచి, నీళ్ళ డబ్బా నింపుకుని లోపలికి వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చి, డబ్బా చేతిలో పెట్టి పాదు చూపించింది. ఆయన ఎండలో నిలబడి, చెప్పుల మీద సగం, పాదు మొదట్లో సగం నీళ్ళు పోశాడు. ఆయన దోసపాదుకి నీళ్ళు పొయ్యడం జన్మలో అదే మొదటిసారని పట్టుకున్న తీరే చెప్పింది.

నన్ను మాత్రం ఉంచలేదు. నాలాంటి వాళ్ళని తీసేస్తానన్నాక మళ్ళీ ఉంచుకుంటే మేడం పరువు తక్కువ. ప్రొఫెసరు కూతురితో చెబుతానన్న మాట కూడా చెప్పలేదు, నేనూ అడగలేదు. తెలిసినవాళ్ళ ద్వారా బనియాస్‌లో ఈ హోటల్లో వంటకి కుదిరాను. ఇక్కడ ఏసీ సరిగా పనిచెయ్యదు, పొయ్యి సెగకి చేతులు నల్లబడ్డాయి. అయినా అందరూ సత్యక్కా అని పిలుస్తారు. పుస్తకం వచ్చాక హోటల్లో ఒక కుర్రాడి ఫోను దాని పేజీల మీద పెట్టించి తెలుగులో చదివించుకున్నాను. మొదటి పేజీలో యూనివర్సిటీలకి, లైబ్రరీలకి, ఆఖరికి ఆ పర్షియా మూర్ఖుడికి కూడా కృతజ్ఞతలు. లోపల ఒకచోట ఉంది: భారతదేశపు దక్షిణాన ఒక జాతి దోసకాయను పసుపుపచ్చగా పండిన తర్వాతే వండుతారు, ఇది రచయిత స్వయంగా గమనించినది. స్వయంగా! చదివిన కుర్రాడు నవ్వాపుకోలేకపోయాడు. పుస్తకం తీసుకెళ్ళి బల్ల కాలి కింద పెట్టింది ఆ పూటే.

ఇంక సంచీలోని రెండో వస్తువు. మడత పెట్టిన టిష్యూ కాగితం, దాని చుట్టూ ఎర్ర దారం. లోపల గింజలు. అమ్మ గోడ దగ్గరి బూడిద వాసన వాటికి రాదు, అయినా చాలాసేపు ముక్కు దగ్గరే పెట్టుకున్నాను. హోటలు వెనక నూనె డబ్బాలు కోసి, మట్టి పోసి పాతాను. మొలిచాయి. నీడకి పాత చీర కట్టాను. పొద్దున్నే పొయ్యి వెలిగించకముందు మగపువ్వు తుంచి ఆడపువ్వుకి తాకిస్తుంటే, హన్నమ్మ పాడుకునే పాట నా నోట్లోంచి వస్తోంది. మాటలు రావు, రాగం ఒక్కటే. ముళ్ళు ముళ్ళుగా కాయలు దిగాయి. కూలీలుండే మఫ్రఖ్ క్యాంపుకి భోజనం డబ్బాలు తీసుకెళ్ళే రాజన్న, జగిత్యాల దగ్గరి మనిషి, ఒకటి తుంచి కొరికాడు.

"అక్కా, గిదేం కాయనే? కీర గాదు, మన దోస గాదు. మస్తుగున్నది."

ఏమని చెప్పాలి? ఒగురేత్స్ అనా, అగూరోస్ అనా? "హన్నమ్మ దోస," అన్నాను.

"గా హన్నమ్మ ఎవలు?"

"మా పెద్దావిడ. ఆవిడ తెచ్చిన విత్తనం."

ఆ రోజు డబ్బాలతో పాటు ఉప్పూ కారం చల్లి నాలుగు ముక్కలు పంపాను. మర్నాడు రాజన్న వస్తూనే, "అక్కా, క్యాంపుల అందరు హన్నమ్మ దోస ఇంకున్నయా అని అడుగుతున్రు. నేను వచ్చే నెల ఊరికి పోతున్న, గింజలు గిట్ల ఇస్తే మా పెరట్ల పెడ్త," అన్నాడు. ఒక కాయకి ఎర్ర దారం కట్టి, ఇది ముట్టుకున్నవాడి చెయ్యి విరుగుతుందని హోటలంతటికీ చెప్పాను. అది ఇప్పుడిప్పుడే పసుపు తిరుగుతోంది. నేలమట్టమైన ఒక ఊరి విత్తనం జగిత్యాలలో మొలకెత్తబోతోంది, ఆవిడ పేరుతోనే.

ఎన్నేళ్ళకో ఒక కళ్ళజోడు పండితుడు అక్కడికి పోయి, ఈ హన్నమ్మ అన్న మాట ఏ భాషది, ఏ దారిన వచ్చింది అని ఆ ఆడవాళ్ళని నిలదీస్తాడు, నాకు తెలుసు. రాజన్నకి ముందే చెప్పి పంపుతున్నాను. అలాంటివాడెవడైనా వస్తే చేతికి ఒక చెంబిచ్చి ముందు పాదుకి నీళ్ళు పొయ్యమనండి. పేరు సంగతి ఆ తర్వాత.